కణత చూసుకో

చిక్కడపల్లి, హైదరాబాద్

చిరంజీవికి ఆశీస్సులు.

డైనోసార్లకి ముందు కాలపు కోరల వేటజంతువులైన గోర్గోనాప్సియన్ల మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. వాక్యం బాగానే నడుస్తోంది, కానీ మొదటి పేరాలోనే వరుస తప్పావమ్మా. వీపు మీద తెరచాప లేచిన డైమెట్రోడాన్‌ని డైనోసార్ అన్నావు. డైనోసార్లు పుట్టడానికి కోట్ల ఏళ్ల ముందే అది పోయింది. నాలుగో పేరాలో గోర్గోనాప్సియన్‌ని 'మన ముత్తాత' అన్నావు. అదీ కాదు. సుమారు 25.2 కోట్ల ఏళ్ల కిందటి పెర్మియన్ మహావినాశనంతో వాటి వంశం దాదాపు తుడిచిపెట్టుకుపోయింది. మనం వాటి దాయాదులైన సైనోడాంట్లు అనే జంతువుల వైపు నుంచి వచ్చాం. పెళ్లి శుభలేఖలో పెదనాన్నని తాత అని అచ్చేస్తే ఇంట్లో ఊరుకుంటారా?

నేనూ ఈ తప్పు చేసినవాణ్ణే. చాలా ఏళ్ల కిందట ఒక ఆదివారం అనుబంధంలో ఇలాంటి జంతువుకే 'రాక్షస బల్లి' అని శీర్షిక పెట్టాను. ఒక రిటైర్డ్ మాస్టారు కార్డు రాశారు: 'బల్లి కాదు బాబూ, కణత చూసుకోండి' అని.

నువ్వూ చూసుకో. కణత మీద వేలు పెట్టి పళ్లు బిగించు. వేలి కింద ఉబ్బేది దవడని లాగే కండ. పుర్రెలో ఆ కండకి చోటిచ్చే కంత కంటి వెనక పక్కకి ఒక్కటే ఉండటం డైమెట్రోడాన్, గోర్గోనాప్సియన్, మనం అందరం వచ్చిన వంశానికి గుర్తు. బల్లులు, మొసళ్లు, డైనోసార్లు వచ్చిన వంశంలో పక్కకి రెండేసి. నీ వ్యాసంలో ఈ కంత ఊసే లేదు, గర్జన మాత్రం మూడుసార్లు వచ్చింది. ఆ జంతువు గర్జించిందని నీకెవరు చెప్పారు?

కోరల దగ్గర ఆగాల్సింది, ఒక్క వాక్యంలో దాటేశావు. కత్తుల్లాంటి కోరలు, వాటి అంచుకి సన్నటి రంపపు పళ్లు. వెనక దంతాలు మాత్రం చిన్నవి, నమలడానికి పనికిరానివి. అంటే మాంసాన్ని చీల్చి ముక్కలుగా మింగేదన్నమాట. పాఠకుడికి ఒళ్లు జలదరించాలంటే ఇది చాలు.

గోర్గోనాప్సియన్లలో ఒకటైన ఇనోస్ట్రాన్సేవియా కథ బాగా ఎంచుకున్నావు. రష్యాలో ఉత్తర ద్వినా నది ఒడ్డున అమలిట్స్కీ అనే శాస్త్రవేత్త తవ్వించిన జంతువది. దాని బంధువొకటి దక్షిణాఫ్రికాలోని కరూ ప్రాంతంలో దొరికిందని 2023లో ప్రకటించారు. అప్పటికి ఖండాలన్నీ ఒకే నేల, నడిచి రావచ్చు. అక్కడి పెద్ద వేటజంతువులు పోయాక ఖాళీ అయిన చోట ఇది చేరింది, కొన్నాళ్లకి అదీ పోయింది. ఆ భాగంలో ఒక్క మాట కూడా తీయకు.

మరి రష్యా తిరిగావు, ఆఫ్రికా తిరిగావు, మంచిర్యాల ఎందుకు వెళ్లలేదు? ఆ జిల్లా కుందారం దగ్గర ఎర్రటి రాళ్లలో గోర్గోనాప్సియన్ ఎముకలు దొరికాయి. ఎండోథియోడాన్ లాంటి శాకాహారులు కూడా అక్కడివే. వెలికి తీసింది కోల్‌కతాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ వాళ్లు. లెక్కల సంస్థకి ఎముకలతో పనేమిటంటావా? అదంతా ఆ సంస్థ పెట్టిన మహలనోబిస్ చలవ, ఇంకో వ్యాసానికి సరిపోతుంది. పొద్దున సికింద్రాబాద్‌లో బండెక్కితే మధ్యాహ్నానికి మంచిర్యాలలో ఉంటావు. డైనోసార్ల మోజు తీరకపోతే మన బిర్లా మ్యూజియంలో కోటాసారస్ అనే డైనోసార్ అస్థిపంజరం నిలబడే ఉంది, ముందు దాన్ని చూసిరా.

వ్యాసానికి బొమ్మ వేయిస్తే పుర్రెని పక్కనుంచి వేయించు. కంత కనబడాలి. తిరగరాశాక ప్రింటు తీసి పట్టుకురా, ఫోన్‌లో చదవడం నా కళ్లకి కష్టం. ఆదివారాలు ఇంట్లోనే ఉంటాను.