వద్దంటే వద్దనే!

ప్రశ్న: జర్మనీలోని లైప్జిగ్‌లో ఎం.ఎస్. చదువుతున్నాను. వచ్చి ఎనిమిది నెలలైంది. క్లాసులో జర్మన్లు బాగానే పలకరిస్తారు, బయటికొస్తే ఎవరి దారి వారిదే. వంటా, షికార్లూ అన్నీ మన తెలుగువాళ్లతోనే. జర్మన్లతో స్నేహం కుదిరేదెలా?

జవాబు: క్లాసు పరిచయం క్లాసు దగ్గరే ఆగడం అక్కడ మామూలే. అదే మనుషులు వారం వారం కనబడే చోటు చూసుకోండి. యూనివర్సిటీల్లో 'హోహ్‌షూల్‌ష్పోర్ట్' అని ఆటల విభాగం ఉంటుంది. సెమిస్టర్ మొదట్లోనే పేరు నమోదు చేసుకోవాలి, వాలీబాల్ లాంటివి ఇట్టే నిండిపోతాయి. టాండెమ్ జోడీ, అంటే ఒకరి భాష ఒకరు నేర్చుకునే ఇద్దరు, కూడా మంచిదే: అరగంట జర్మన్, అరగంట మీకొచ్చిన భాష. గడియారం చూసి మార్చండి, లేకపోతే మొత్తం ఇంగ్లీషులోనే గడిచిపోతుంది.

ఇక పిలుపులు. 'వీలున్నప్పుడు ఇంటికి రండి' అని మనం మర్యాదకి అంటాం. వాళ్లకి అది పిలుపు కాదు. 'వచ్చే శనివారం ఏడింటికి, మా ఇంట్లో పప్పూ అన్నం' అని రోజు, వేళ చెప్పండి, అదీ వారం పది రోజుల ముందు. ఏడంటే ఏడే, ఆలస్యమైతే ముందే మెసేజ్ పెట్టాలి.

మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది భోజనం దగ్గర. జర్మన్ల ఇంట్లో ఇంకొంచెం పెట్టనా అంటే మొహమాటపడి వద్దంటారు, రెండోసారి అడుగుతారులే అని. అడగరు! గిన్నె అవతలికి వెళ్లిపోతుంది, మీరు అర్ధాకలితో లేస్తారు. మీ ఇంట్లో కథ తిరగబడుతుంది: వచ్చిన జర్మన్ అతిథి చాలన్నాక కూడా గరిటెడు వడ్డిస్తే తన మాట వినలేదనుకుంటాడు. వద్దంటే వద్దనే. కారం గురించి మాత్రం ముందే అడిగి, పచ్చడి విడిగా పెట్టండి.

పుట్టినరోజు శుభాకాంక్షలు ఒక్కరోజు ముందు కూడా చెప్పొద్దు, అశుభమంటారు. కేకు తేవాల్సింది పుట్టినరోజు ఉన్నవాళ్లే!

ప్రశ్న: కాఫీకి పిలిచిన జర్మన్ స్నేహితురాలు తన బిల్లు మాత్రమే కట్టుకుంది. నన్ను చిన్నచూపు చూసినట్టా?

జవాబు: కాదండీ. బిల్లు కలిపా, విడివిడిగానా అని సర్వర్లే అడుగుతారక్కడ. మీరే ఇవ్వాలనుకుంటే కూర్చునేటప్పుడే 'ఈసారి నేనిస్తాను' అనండి. బిల్లొచ్చాక పర్సులు లాక్కునే మన పోట్లాట వాళ్లకి అర్థం కాదు.