గేదె ఐదుసార్లు పొర్లింది, కోతకు అమ్మేయమంటారా?

ప్రశ్న: మాది ఇబ్రహీంపట్నం దగ్గర పల్లె. మా ముర్రా గేదె మూడో ఈత ఈని 11 నెలలైంది. ఈనినప్పుడు మాయ పడకపోతే పక్క ఊరి మనిషితో తీయించాం. నాలుగు నెలలు ఆగి సెమన్ వేయించడం మొదలుపెట్టాం. ఐదుసార్లు వేయించినా 21 రోజులకల్లా మళ్లీ పొర్లుతోంది, అంటే చూడి నిలవక మళ్లీ ఎదకొస్తోంది. ఎదకొచ్చినప్పుడు మానం నుంచి జారే జిగురు తీగల్లో కొంచెం తెల్లటి చారలు ఉంటాయి, మిగతా అంతా బాగానే ఉంది. ఒంట్లో వేడి ఎక్కువైందేమోనని చలవకు తాగించాం. మందుల షాపతను గర్భం నిలిచే సూది ఇస్తే రెండుసార్లు వేయించాం. పాలు ఇప్పుడు రోజుకు 3 లీటర్లు, లీటరు 70 రూపాయలకు పోస్తున్నాను. మేత, దాణాకు రోజుకు 180 రూపాయలవుతోంది. దళారి కోతకు 48,000 ఇస్తానంటున్నాడు. ఇలాంటిది మళ్లీ కొనాలంటే 1,20,000 పెట్టాలి. ఇది గొడ్డుబోయినట్టేనా? అమ్మేయమంటారా?

జవాబు: ఇప్పుడే అమ్మకండి. ఇది గొడ్డు గేదె కాదు, ఒంట్లో వేడీ కాదు. మీరు పెద్దగా పట్టించుకోకుండా రాసిన ఆ తెల్లటి చారల్లోనే జబ్బు ఉంది. ఆరోగ్యంగా ఉన్న గేదె తీగ గాజులా తేటగా ఉంటుంది. అందులో తెల్లటి చార, పీచు, మబ్బుతనం కనిపించాయంటే గర్భసంచికి చీము పట్టినట్టే అనుకోండి. మాయను చేత్తో లాగించిన రోజే ఇది మొదలై ఉంటుంది. గేదె సరిగ్గా 21 రోజులకే ఎదకు వస్తోందంటే అండాశయం తన పని తాను చేస్తోంది. చీము ఉన్న సంచిలో పిండం బతకడం లేదు, అంతే. అలాంటి సంచిలో ఎంత మంచి దున్న సెమన్ వేసినా వృథా. ఆరోసారి వేయించకండి.

షాపువాళ్లు ఇచ్చిన సూది గురించి గట్టిగానే చెప్పాలి. గర్భం నిలవడానికని వాళ్లు ఇచ్చేది సాధారణంగా ప్రొజెస్టిరాన్ అనే హార్మోన్. చీము ఉన్న గర్భసంచికి అది మేలు చేయకపోగా కీడు చేస్తుంది. సంచి ముఖద్వారం మూసుకుంటుంది, సూక్ష్మజీవులతో పోరాడే శక్తి తగ్గుతుంది, బయటికి పోవాల్సిన చీము లోపలే నిలిచిపోతుంది. గేదెను చూడకుండా, తోక ఎత్తి చూడకుండా, కౌంటర్ వెనక నుంచి మందు ఇచ్చే మనిషి మాట మీద రెండు ఎదలు పోగొట్టుకున్నారు. ఇక ఆ షాపుకు వెళ్తే డాక్టరు రాసిన చీటీతోనే వెళ్లండి.

ఈసారి ఎదకొచ్చినప్పుడు వేలాడే తీగను శుభ్రమైన గాజు ముక్క మీద పట్టి, వెనక నల్లగుడ్డ పెట్టి వెలుతురులో చూడండి. ఆవగింజంత తెల్లటి రేణువైనా దాని మీద దాగదు. అదే తీగను చిన్న సీసాలో పట్టి వెంటనే పశువైద్యశాలకు ఇవ్వండి. దానికి సమానంగా 10 శాతం సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణం కలిపి వేడిచేస్తే పసుపు రంగుకు తిరుగుతుందో లేదో చూస్తారు. తిరిగితే చీము ఉన్నట్టు. ఏ సూక్ష్మజీవి, ఏ మందుకు లొంగుతుంది అన్న పరీక్ష కూడా చేయించగలిగితే ఇంకా మంచిది. రాజేంద్రనగర్ పశువైద్య కళాశాల ఆసుపత్రి మీకు దూరమేమీ కాదు.

వైద్యం డాక్టరు చేతిలోనే జరగాలి, వరస మాత్రం మీకూ తెలిసి ఉండాలి. ముందు చెయ్యి పెట్టి చూడి పరీక్ష. ఇది తప్పించడానికి వీల్లేదు. చూడి కట్టిన గేదె కూడా అప్పుడప్పుడు ఎద లక్షణాలు చూపిస్తుంది. చూడి లేదని తేలాక, అండాశయం మీద ఎదను ఆపి ఉంచే పసుపు గ్రంథి ఉంటే క్లోప్రోస్టినాల్ 500 మైక్రోగ్రాములు, అంటే 2 మి.లీ., కండకు వేస్తారు. 3 నుంచి 5 రోజుల్లో ఎదకొచ్చి సంచి తెరుచుకుంటుంది, చీము కారిపోతుంది. అవసరమైతే ఆ ఎదలోనే వరుసగా 3 రోజులు గర్భసంచిలోకి యాంటీబయాటిక్ ఎక్కిస్తారు. చూడి ఉన్న గేదెకు ఇదే సూది పడితే ఈసుకుపోతుంది, అంటే గర్భం పోతుంది. మీ ఇంట్లో గర్భిణి ఉన్నా, ఉబ్బసం ఉన్నవాళ్లు ఉన్నా ఆ సీసాను, సిరంజిని ముట్టుకోనివ్వకండి. ఆ మందు చర్మం గుండా కూడా ఒంట్లోకి వెళ్తుంది. యాంటీబయాటిక్ నడిచినన్నాళ్లు, ఆ తర్వాత డాక్టరు చెప్పినన్ని రోజులు పాలు పోయకండి. నగరంలో ఆ పాలు తాగేది చంటిపిల్లలు.

వైద్యం చేసిన ఎదలో సెమన్ వద్దు. తర్వాతి ఎదలో తీగ తేటగా ఉండి, పరీక్షలో పసుపు రాకపోతేనే వేయించండి. గేదె ఎద ఎక్కువగా రాత్రి, తెల్లవారుజామున బయటపడుతుంది, ఆవులా అరిచి చెప్పదు. రాత్రి 10 గంటలకు, ఉదయం 5 గంటలకు పావుగంటసేపు దాని దగ్గర నిలబడి చూడండి. ఉదయం ఎద కనిపిస్తే ఆ సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు ఉదయం వేయించండి. ఎద ఇంకా తగ్గకపోతే 12 గంటల తర్వాత మరోసారి. అండం ఆలస్యంగా విడుదలవుతోందని డాక్టరుకు అనిపిస్తే సెమన్ వేసేటప్పుడే బుసెరెలిన్ 10 మైక్రోగ్రాములు, అంటే 2.5 మి.లీ. వేస్తారు. గడ్డకట్టిన సెమన్ ఉండే సన్నటి గొట్టాన్ని, అంటే స్ట్రాను, 37 డిగ్రీల గోరువెచ్చటి నీళ్లలో 30 సెకన్లు ఉంచుతున్నారో లేదో పక్కనే ఉండి చూడండి. చంకలో పెట్టి కరిగిస్తుంటే వద్దని చెప్పండి. రోజూ 50 గ్రాముల ఖనిజ లవణ మిశ్రమం, 30 గ్రాముల ఉప్పు దాణాలో కలపండి. వరిగడ్డి, తవుడుతోనే నెట్టుకొస్తుంటే పచ్చిమేత తప్పనిసరి.

మాయ నిలిచిపోవడానికి బ్రూసెల్లా అనే అంటుజబ్బు ఒక కారణం కావచ్చు. అందుకని అదే రోజు రక్తపరీక్ష కూడా చేయించండి. మాయ లాగిన మనిషికి గానీ, మీకు గానీ విడవని జ్వరం, కీళ్ల నొప్పులు ఉంటే మాయ ముట్టుకున్న సంగతి డాక్టరుకు చెప్పండి. ఈ జబ్బు మనుషులకూ వస్తుంది. పాలు బాగా మరిగించే తాగండి. దీనికి టీకా ఆడదూడలకు 4 నుంచి 8 నెలల వయసులో ఒక్కసారే వేస్తారు. మొన్నటి ఈత దూడకు ఆ వయసు దాటిపోయింది.

ఇక అమ్మకం సంగతి. మీరు రాసిన లెక్కే తీసుకుందాం. 3 లీటర్లకు వచ్చేది 210 రూపాయలు, ఖర్చు 180. గేదె ఈ రోజుకు తన మేత తాను సంపాదించుకుంటోంది. పాలు రెండున్నర లీటర్లకు దిగితే 175 వస్తాయి, అప్పుడు మీ చేతి నుంచి పడుతుంది. వైద్యం చేసిన రోజుల్లో పారబోసే పాలూ నష్టమే, కాదనను. 48,000కు అమ్మి 1,20,000 పెట్టి కొనాలంటే 72,000 తేడా. మూడో ఈత గేదెకు పాలిచ్చే మంచి ఈతలు ముందున్నాయి. పైగా చలికాలం గేదెలు బాగా ఎదకొచ్చే కాలం. అందుకని నాలుగైదు నెలలు గడువు పెట్టుకోండి. చీము వదలడానికి ఒకటి రెండు ఎదలు, సెమన్‌కు రెండు ఎదలు, చివరి సెమన్ తర్వాత 60 రోజులకు చూడి పరీక్ష. అంతలోకి సరిపోతుంది.

ఆగకుండా వదిలించుకోవాల్సిన సందర్భాలూ ఉన్నాయి. అండవాహికలు, అండాశయం అతుక్కుపోయాయని డాక్టరు చెబితే ఇక మందుల మీద రూపాయి పెట్టకండి. గడువు దాటినా చూడి కట్టకపోతే అప్పుడు జాలి పడి ఏడాది మేపకండి. బ్రూసెల్లా ఉందని తేలితే మాత్రం సంతకు తోలకండి. దాన్ని కొన్నవాడి కొట్టంలో మిగతా పశువులకూ అంటుతుంది. అలాంటి పశువును విడిగా కట్టి, డాక్టరు చెప్పిన దారిలోనే వెళ్లండి.

దళారి మాట నమ్మి గేదెను రాత్రికి రాత్రి బండి ఎక్కించకండి. 1977 నాటి చట్టం మన దగ్గర ఆవును కోతకు పంపడాన్ని పూర్తిగా నిషేధించింది. గేదెకైనా అధికారి ధ్రువపత్రం ఉండాలి, పాలకు గానీ ఈతకు గానీ ఇంకా పనికొచ్చే పశువుకు ఆ పత్రం ఇవ్వరు. మీ గేదె ఈ రోజు ఆ లెక్కలోనే ఉంది. చివరికి అమ్మాల్సి వచ్చినా, వేసిన యాంటీబయాటిక్ మాంసంలోంచి పోయే గడువు ఎన్ని రోజులో డాక్టరును అడిగి, ఆ తేదీ దాటాకే అమ్మండి.

ఈ వారమే గేదెను పశువైద్యశాలకు తోలుకెళ్లండి. వెళ్లేటప్పుడు ఐదు సెమన్‌ల తేదీలు, షాపులో ఇచ్చిన ఖాళీ సీసా, ఉంటే బిల్లు, వెంట తీసుకెళ్లండి.