కుట్టు ప్రశ్నలు: చిల్లుల కాగితాలు, సైజు 14, బురద పట్టిన కవర్లు

పాత అమెరికన్ పేపర్ ప్యాటర్న్‌ల గురించి, అంటే బట్ట కోయడానికి ముక్కల ఆకారంలో వచ్చే కాగితాల గురించి, ఉత్తరాలు వరసగా వస్తున్నాయి. కొందరికి అవి ట్రంకుపెట్టెల్లో దొరికాయి, కొందరు ఆన్‌లైన్‌లో కొన్నారు. ఒకేలాంటి ప్రశ్నలను కలిపేసి, ఒక్కోదానికి ఒక ఉత్తరం చొప్పున తీసుకున్నాం.

ప్రశ్న: మా అమ్మమ్మ కుట్టు టీచరుగా చేసేవారు. ఆవిడ పెట్టెలో ఏడు కవర్లు దొరికాయి. లోపల ఉల్లిపొర లాంటి కాగితాలు. వాటి మీద ఒక్క అక్షరం అచ్చు లేదు, అన్నీ చిల్లులే. పురుగు కొట్టిందనుకున్నాం. కవరు మీద మరియన్ మార్టిన్ అని, న్యూయార్క్ అడ్రసు ఉన్నాయి. ఇవి ఏ కాలంవి? వీటితో కుట్టొచ్చా?
— లాలాపేట, గుంటూరు

జవాబు: కుట్టొచ్చు. ఆ చిల్లులు పురుగు పని కాదండీ, కంపెనీ వేసినవే. కొలతల ప్రకారం సైజులవారీగా పల్చటి కాగితం మీద ప్యాటర్న్ అమ్మడం 1863లో అమెరికాలో ఎబెనీజర్ బటరిక్‌తో ఊపందుకుంది. చాలాకాలం వాటి మీద అచ్చు ఉండేది కాదు. కాగితాలను దొంతరగా పేర్చి, ఒకేసారి కోసి, గుర్తులకు చిల్లులు పొడిచేవారు. మెకాల్ కంపెనీ 1920ల్లోనే అచ్చు ప్యాటర్న్‌లకు మారినా, కొన్ని కంపెనీలు 1950ల దాకా చిల్లులనే నమ్ముకున్నాయి. మరియన్ మార్టిన్, ఆన్ ఆడమ్స్ పేర్లతో వచ్చినవి న్యూస్‌పేపర్లో బొమ్మ చూసి, కూపన్‌తోపాటు చిల్లర నాణేలు పోస్టులో పంపి తెప్పించుకునే రకం.

కాలం తెలుసుకోవడానికి ముందు కవరు మీది పోస్టు ముద్ర చూడండి. అది చెరిగిపోతే అడ్రసు చదవండి. అమెరికాలో పెద్ద నగరాలకు జోన్ నంబర్లు 1943లో వచ్చాయి, జిప్ కోడ్ 1963 జులైలో వచ్చింది. కాబట్టి "న్యూయార్క్ 11" అని ఉంటే ఈ రెంటికీ మధ్యది. "10011" అని అయిదంకెలు ఉంటే 1963 తర్వాతది. ఏ నంబరూ లేకపోతే 1943కు ముందుది అయ్యే అవకాశం ఎక్కువ. ప్యాటర్న్ నంబరును బట్టి మాత్రం ఏడాది కట్టకండి. నాలుగంకెలు అయిపోతే ఆ నంబర్లే మళ్లీ మొదటికొచ్చేవి.

ఇక చిల్లుల భాష. ఒక్కో కంపెనీది ఒక్కో పద్ధతి, ఆ వివరం లోపలి సూచనల కాగితంలో ఉంటుంది. అది పోయినా దారి ఉంది. పొడవునా ఒకే గీతలో వెళ్లే చిల్లులు సాధారణంగా పడుగు దిశ, అంటే బట్ట అంచుకు సమాంతరంగా పెట్టాల్సిన గీత. నాచ్‌లు, అంటే ముక్కలు కలపడానికి గుర్తుగా పెట్టే గాట్లు, లేని తిన్నటి అంచు పక్కనే రెండో మూడో పెద్ద చిల్లులు ఉంటే అది మడత మీద పెట్టాల్సిన వైపు. ఇంగ్లిష్ వీ ఆకారంలో ఉన్న చిన్న చిల్లులు డాట్, అంటే ఒంటికి ఒదిగేలా బట్టను మడిచి కుట్టే చోటు. ఆ వీ గీతలే దాని రెండు కాళ్లు. ముక్క మధ్యలో చిల్లులతోనే పొడిచిన అక్షరం ఆ ముక్క పేరు. సరిగ్గా చదివామో లేదో తేల్చుకోవడానికి డాట్ చిల్లులను ఒకదాని మీద ఒకటి వచ్చేలా కాగితం మడవండి. రెండు కాళ్లూ సమానంగా వచ్చి, కింది అంచు తిన్నగా కలిస్తే మీరు చదివింది సరే. కలవకపోతే వేరే చిల్లును డాట్ అనుకున్నారన్నమాట.

ఎక్కువ మంది బోల్తా పడేది మడత దగ్గర. మడత అంచును కుట్టు అంచు అనుకుని అక్కడ 5/8 అంగుళం, అంటే అరంగుళం మీద ఒక నూలు (అంగుళంలో ఎనిమిదో వంతు), కుట్టుకోసం వదిలే మార్జిన్ కలిపేస్తారు. రెండు వైపులా కలిసి ముందు భాగం అంగుళంపావు పెరుగుతుంది. మెడ జారి భుజం మీదికొస్తుంది. తప్పు మెడలో ఉందనుకుని అక్కడ సరిచేస్తూ కూర్చుంటారు.

అసలు కాగితానికి కత్తెర తగలనివ్వకండి, దాన్ని బట్ట మీదా పెట్టకండి. ఇస్త్రీపెట్టె తక్కువ వేడిలో, ఆవిరి లేకుండా, పైన పల్చటి గుడ్డ వేసి మడతలు పోయేదాకా రుద్దండి. బల్ల మీద పరిచి, పైన బటర్ పేపరు వేసి, గుండుసూదులకు బదులు స్టీలు గ్లాసులు బరువు పెట్టండి. పెన్సిల్‌తోనే గీయాలి. బాల్‌పెన్ను సిరా అడుగుకు దిగుతుంది, ట్రేసింగ్ వీల్ పళ్లు ఆ కాగితాన్ని కోసేస్తాయి. ప్రతి చిల్లునూ చుక్కగా దించుకుని, ముక్క అక్షరం, నంబరు, మార్జిన్ ఎంతో రాసుకోండి. పని అయ్యేదాకా ఫ్యాన్ ఆపాల్సిందే. వేసవిలో అయితే తెల్లవారుజామున పెట్టుకోండి, చెమట చెయ్యి తగిలితే కాగితం ముడుచుకుంటుంది. ఆ తర్వాత దొంతరలో కోసిన కాగితాల్లో నూలో రెండు నూళ్లో తేడా ఉండటం మామూలే కాబట్టి, కుట్టులో కలవాల్సిన రెండు అంచులనూ టేపుతో కొలిచి సమం చేసుకోండి.

ప్రశ్న: నా ఛాతీ 36. జాకెట్లు 36 సైజే కుట్టించుకుంటాను. ఆన్‌లైన్‌లో 1950ల నాటి ఫ్రాకు ప్యాటర్న్ సైజు 14 చూశాను, నచ్చింది. ఈ రోజుల్లో 14 అంటే నాకు వదులే కదా, కొనొచ్చా?
— సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: సైజు నంబరు చూసి మోసపోవద్దు. 1956 నుంచి 1967 దాకా అమెరికన్ ప్యాటర్న్‌లలో 12 అంటే ఛాతీ 32 అంగుళాలు, 14 అంటే 34, 16 అంటే 36. 1968 ప్రాంతంలో కొలతలు మార్చాక 12 అంటే 34, 14 అంటే 36 అయ్యాయి. మారిన కొత్తలో వచ్చిన కవర్ల మీద కొత్త సైజింగ్ అని అచ్చు వేశారు. మీరు చూసింది 1956 తర్వాతి 1950లదైతే 14 మీకు రెండంగుళాలు బిగువు, అంతకుముందుదైతే ఇంకా బిగువు. అమ్మేవాళ్లను సైజు కాదు, కవరు మీద ఛాతీ ఎంతని రాసి ఉందో అడగండి.

కాగితం చేతికొచ్చాక అసలు కొలత దానిదే. ఉదాహరణకు, డాట్ మడిచి పెట్టాక ముందు సగం ముక్క చంక కింద 10½ అంగుళాలు, వెనక సగం 10 అంగుళాలు ఉందనుకుందాం. ముందు భాగానికి మధ్యలో మడత, పక్కన కుట్టు. 5/8 తీస్తే 9⅞. వెనక భాగానికి మధ్యలోనూ కుట్టుంది కాబట్టి 1¼ తీయాలి, 8¾ మిగులుతుంది. రెండూ కలిపితే 18⅝, రెట్టింపు చేస్తే 37¼. ఛాతీ 34 ఉన్న మనిషికి 3¼ అంగుళాల వదులు ఉంటుంది. మీకైతే మిగిలేది 1¼. మన జాకెట్టుకు అంత చాలు. చేతులెత్తి పనిచేసుకోవాల్సిన ఫ్రాకుకు చాలదు, వీపు పట్టేస్తుంది.

రెండంగుళాల లోపు తేడా పక్క కుట్లలో కలపొచ్చు. ముందూ వెనకా, కుడీ ఎడమా కలిపి నాలుగు అంచులు, ఒక్కోదానికి అరంగుళం. అప్పుడు ఒక్కో చంక చుట్టు అంగుళం పెరుగుతుంది కాబట్టి చేతి ముక్కకు కూడా అడుగు కుట్టులో చెరోవైపు అరంగుళం ఇవ్వాలి. ఇది మరిచిపోయి చెయ్యి సరిపోవట్లేదని చంకలో కుచ్చు పెట్టినవాళ్లు చాలామంది. రెండంగుళాలు దాటితే పై సైజు వెతుక్కోవడమే మేలు. పక్కల్లో ఎంత కలిపినా భుజం, మెడ పెరగవు.

ఇంకొకటి. ఆ ప్యాటర్న్‌లలో వీపు పొడవు, మెడ ఎముక నుంచి నడుముదాకా, 16 అంగుళాలకు అటూఇటూ ఉంటుంది. మీది 15 అయితే తగ్గించాల్సింది కింది అంచులో కాదు. ఛాతీకీ నడుముకీ మధ్య అడ్డంగా గీత గీసి, అరంగుళం మడత వేస్తే ఒక అంగుళం తగ్గుతుంది. ముందు, వెనక రెండిటికీ ఒకే ఎత్తులో వేయాలి. కింద కోసేస్తే నడుము చుట్టు మారిపోయి స్కర్టు కలవదు.

ప్రశ్న: కవరు మీద 39 అంగుళాల పన్నాకు మూడున్నర గజాలు అని ఉంది. నేను మంగళగిరి నూలు బట్టతో, నిజాం అంచు కింద వచ్చేలా కుట్టించాలనుకుంటున్నాను. ఎన్ని మీటర్లు తీసుకోవాలి?
— మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: మూడున్నర గజాలంటే 126 అంగుళాలు, అంటే 3.2 మీటర్లు. మీ బట్ట పన్నా 44 ఉంటే లెక్కప్రకారం 2.85 మీటర్లు చాలు. కానీ ముక్కలు లెక్క వినవు. వెడల్పాటి స్కర్టు ముక్క పన్నాలో పట్టకపోతే మిగిలిన పన్నా వృథానే. పైగా అంచు కింద రావాలంటే స్కర్టు పొడవు పన్నా దిశలో వచ్చేలా ముక్కను అడ్డంగా తిప్పి కోయాలి. అందుకే కొనేముందు ఇంట్లో నేల మీద 44 అంగుళాల ఎడంతో రెండు దారాలు లాగి, దించుకున్న ముక్కలన్నీ వాటి మధ్య పరిచి చూడండి. వన్‌టౌన్ వస్త్రలత బట్టల మార్కెట్‌కు ఆ కొలతతో వెళ్లండి, అక్కడ బట్ట పన్నా కూడా టేపు పెట్టి కొలిపించండి.

అంచు నిలవాలంటే స్కర్టు కింది అంచు తిన్నగా ఉండాలి. కుచ్చుల స్కర్టుకు, బాక్స్ ప్లీట్లకు మంగళగిరి బట్ట చక్కగా సరిపోతుంది. గుండ్రంగా కోసే గొడుగు స్కర్టుకు అంచు కుదరదు, ఆశ వదులుకోండి. 1930ల నాటి క్రాస్ కటింగ్ గౌన్లకైతే, అంటే బట్టను ఏటవాలుగా కోసి కుట్టేవాటికైతే, ఈ బట్టే వద్దు. అది జారదు, నిక్కపొడుచుకుని నిలబడుతుంది.

కోయకముందు బట్టను రాత్రంతా నీళ్లలో నానేసి నీడలో ఆరేయండి. ఎంత కుంచించుకుంటుందో ముందే తెలియాలంటే కొనేచోట ఓ చిన్న ముక్క అడిగి, దాని మీద 10 అంగుళాల చదరం గీసి ఉతకండి. నిలువున 9½ వచ్చిందంటే మీటరుకు 5 సెంటీమీటర్లు పోతుంది. ఆ మేర ఎక్కువ తీసుకోండి.

ప్రశ్న: 2024 సెప్టెంబరు బుడమేరు వరదలో మా బీరువా కింది అర నీళ్లలో మునిగింది. ఇరవైదాకా పాత ప్యాటర్న్‌లు అట్టలా అంటుకుపోయాయి. అలాగే ఎండబెట్టి దాచాను. బూజు వాసన వస్తోంది. ఏమైనా చేయొచ్చా?
— అజిత్‌సింగ్ నగర్, విజయవాడ

జవాబు: లాగి విడదీయొద్దు. ముందు బూజు సంగతి. మాస్కు, చేతులకు గ్లవ్స్ వేసుకుని, ఆరుబయట నీడలో, పొడిగా ఉన్నప్పుడే మెత్తటి పెయింట్ బ్రష్‌తో బూజునూ ఎండిన బురదనూ దులపండి. తడిగుడ్డతో తుడిస్తే బురద కాగితం పోగుల్లోకి ఇంకుతుంది. బ్లీచింగ్ ఊసే వద్దు, మరక పోయేలోపు కాగితమే పోతుంది.

తర్వాత మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో అడుగున తడిపి పిండిన తువ్వాలు, దాని పైన జల్లెడ, జల్లెడ మీద ఒక్క ప్యాటర్న్ పెట్టి మూత వేయండి. నీటి చుక్క కాగితానికి తగలకూడదు. గంటకోసారి చూడండి. కాగితం మెత్తబడగానే మొద్దుగా ఉన్న పల్చటి వెదురు పుల్లతో మూల నుంచి నెమ్మదిగా విడదీయండి. రానిచోట ఆగి మళ్లీ డబ్బాలో పెట్టండి. రాత్రంతా వదిలేస్తే బూజు మళ్లీ లేస్తుంది. విడదీసిన ముక్కలను అచ్చులేని తెల్ల కాగితాల మధ్య, పైన బరువు పెట్టి ఆరబెట్టండి. న్యూస్‌పేపరు వాడితే దాని సిరా అంటుతుంది. రంగుల కవర్లు, సూచనల కాగితాలు ముందుగా తీయండి, ఉన్న వివరమంతా వాటిలోనే ఉంది.

చిరుగులకు సెలోటేపు వేయొద్దు. అది కొన్నేళ్లకు పసుపెక్కి, జిగురు పక్క కాగితానికి పాకుతుంది. ఇస్త్రీతో అంటించే కాన్వాస్ కూడా అసలు కాగితానికి వద్దు, మీరు గీసుకున్న నకలుకు వేసుకోండి. పాత గుండుసూదులు, క్లిప్పులు, రబ్బరు బ్యాండ్లు తీసేయండి. మన తేమకు సూది తుప్పు పడుతుంది, రబ్బరు కరిగి అంటుకుంటుంది. దాచేటప్పుడు ప్యాటర్న్‌లను నిలువుగా, వదులుగా, గట్టి మూత డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టండి. వానాకాలం ముందు పొట్లాలు మార్చండి. డబ్బాను బయటిగోడకు ఆనించొద్దు, కింది అరలో అసలే వద్దు.

ప్రశ్న: మా టైలరు ప్యాటర్న్ చూసి, కొలత జాకెట్టు ఇస్తేనే కుడతానంటున్నారు.
— బ్రాడీపేట, గుంటూరు

జవాబు: ఆయన అనేదాంట్లోనూ న్యాయం ఉంది, తెలియని కాగితం మీద బట్ట కోసి మాట పడటం ఎవరికిష్టం? అసలుది కాకుండా ఖాకీ అట్ట పేపరు మీద నకలు గీసి ఇవ్వండి. ప్రతి ముక్క మీద "మార్జిన్ కలిసే ఉంది, మళ్లీ కలపొద్దు" అని తెలుగులో పెద్దగా రాయండి. మన టైలర్లు తర్వాత వదులు చేసుకోవడానికి పక్కల్లో అంగుళం దాచడం అలవాటు, ఇక్కడ అదే కొంప ముంచుతుంది. మొదట చవక కోరా గుడ్డతో, చేతులూ కాలరూ లేకుండా, పై భాగం మాత్రం కుట్టించి వేసుకుని చూడండి. 1940ల ఫ్రాకులు చాలావాటికి ఎడమ పక్క తెరుపు ఉంటుంది. ఆ కుట్టును ముందే మూసేయొద్దని చెప్పండి, లేకపోతే ఫ్రాకు తలమీదుగా దిగదు.

ప్రశ్న: కోసేసిన ప్యాటర్న్‌లు తక్కువ ధరకు వస్తున్నాయి. కొనొచ్చా? నకళ్లు తీసి అమ్మొచ్చా?
— పటమట, విజయవాడ

జవాబు: కుట్టుకోవడానికైతే కోసినవి కొనండి. ముక్కలన్నీ పరిచిన ఫొటో, సూచనల కాగితం ఫొటో రెండూ అడిగి, అందులోని ముక్కల బొమ్మతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. లోపలిపట్టీ పోతే మెడ గీత మీద పెట్టి మళ్లీ గీసుకోవచ్చు. చెయ్యో కాలరో పోయిందంటే వదిలేయండి. పార్సిల్‌లో అటూ ఇటూ అట్ట పెట్టి, పైన ప్లాస్టిక్ కవరు వేయమని అమ్మేవాళ్లకు చెప్పండి. లెనిన్ సెంటర్ పాత పుస్తకాల షాపుల్లో బుర్దా అనే జర్మన్ కుట్టు పత్రిక ఎప్పుడైనా కనబడితే మధ్యలోని ప్యాటర్న్ షీటు ఉందో లేదో విప్పి చూశాకే డబ్బివ్వండి. ఆ షీట్ల మీద గీతలు ఒకదానిమీదొకటి అల్లుకుని ఉంటాయి, కుట్టు మార్జిన్ మీరే కలుపుకోవాలి.

నకళ్లు మీరు కుట్టుకోవడానికి తీసుకోండి. పాతదైనంత మాత్రాన దాని మీద హక్కులు పోయినట్టు కాదు, జిరాక్సులు తీసి అమ్మడం వద్దు.