సబ్‌మెరైన్ టెండర్ల మీద పనిచేసిన పెద్దవాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేయబోతున్న మా అమ్మాయికి

అమ్మలూ,

నీ ఉత్తరం చదివాను. అక్కడ నెలకోసారి కలుసుకునే పాత అమెరికన్ నేవీ వాళ్లలో చాలామంది సబ్‌మెరైన్ టెండర్ల మీద, అంటే సబ్‌మెరైన్లకి రిపేర్లు, సరఫరాలు చూసే ఓడల మీద పనిచేసిన వాళ్లేనని, వాళ్ల జ్ఞాపకాలు రికార్డు చేస్తానంటే సంతోషంగా ఒప్పుకున్నారని, తీరా ఒప్పుకున్నాక ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక టెన్షన్‌గా ఉందని రాశావు. చాలా మంచి పని నెత్తికెత్తుకున్నావు. ఏళ్ల తరబడి ఇలాంటి పెద్దవాళ్ల ఎదురుగా రికార్డర్ పెట్టుకుని కూర్చున్నవాణ్ణి కాబట్టి నాకు తెలిసిందంతా రాసేస్తున్నాను, పొడుగైనా ఓపిగ్గా చదువు.

నువ్వు కూర్చోగానే వాళ్లనే మొదటి మాట ఒకటుంది. "మాదేముందమ్మా, రిపేర్లు చేసేవాళ్లం అంతే, సముద్రం కింద తిరిగొచ్చిన వాళ్లని అడుగు" అంటారు. దాదాపు అందరూ అంటారు, అదీ మర్యాద కోసం కాదు, నిజంగానే అలా నమ్ముతారు. అక్కడ నువ్వు "సరేనండి" అని తలూపేశావంటే ఇక ఆ మనిషి దగ్గర నీకు దొరికేవి రేవుల పేర్లు, రెండు తుఫాను కథలు, అంతే. పని గురించి అడుగు. వాళ్ల చేతులు ఏం చేశాయో అడుగు. ఈ ఉత్తరంలో ఇంకేం గుర్తు లేకపోయినా ఇది గుర్తుపెట్టుకో.

ఎందుకంటున్నానంటే, టెండర్ అంటే ఏమిటో ఒకసారి ఆలోచించు. సబ్‌మెరైన్‌లో మనుషులు నడుం వాల్చడానికే చోటు చాలదు, ఇక లేత్ మెషీన్లు, ఫౌండ్రీ, విడి భాగాల గోదాము, పళ్ల డాక్టరు, లాండ్రీ, ఇవన్నీ ఎక్కడ పెడతారు? అందుకే వాటినన్నిటినీ ఒక పెద్ద ఓడ మీద పెట్టి, ఆ ఓడని ఏ దూరదేశపు రేవులోనో నిలిపేస్తారు. గస్తీ నుంచి తిరిగొచ్చిన సబ్‌మెరైన్లు దాని పక్కకొచ్చి కట్టుకుంటాయి. టార్పెడోలు, క్షిపణులు, తిండి, కరెంటు, రిపేర్లు, అన్నీ అక్కడే. పెద్ద టెండర్ల మీద వెయ్యి మందికి పైగా ఉండేవాళ్లు. ఏ దేశానిదైనా పద్ధతి ఇదే, సోవియట్‌లో కట్టి 1968లో మన నౌకాదళంలో చేరిన ఐఎన్ఎస్ అంబా చేసిన పనీ ఇదే.

ఎక్కడా దొరకని భాగం ఒకటి విరిగింది అనుకో. చెక్కపని తెలిసిన నావికుడు ముందు దాని నమూనా చెక్కేవాడు, ఇంకొకడు దాంతో ఇసుకలో అచ్చు తీసి కరిగిన లోహం పోసేవాడు, మూడోవాడు లేత్ మీద పెట్టి కొలతకి దించేవాడు. పెరిస్కోపు పాడైతే దాన్ని పైకి లాగి, దుమ్ము చొరని గదిలో విప్పి, అద్దాలు సరిచేసి, లోపల తేమ చేరకుండా పొడి నైట్రోజన్ నింపి మళ్లీ బిగించే వాళ్లుండేవాళ్లు. ఇలాంటి పని చేసిన మనిషిని "మీ సర్వీసు ఎలా గడిచింది?" అని అడిగితే "బాగానే గడిచింది" అంటాడు. "మీ బెంచి షాపులో ఏ మూల ఉండేది? మీకు పని నేర్పింది ఎవరు? చేసిన ముక్క బాగాలేదని వెనక్కి పంపేది ఎవరు? సబ్‌మెరైన్ తెల్లవారి బయల్దేరాలి, పని ఇంకా కాలేదు, ఆ రాత్రి ఏం చేశారు?" అని అడిగి చూడు. ఆయన ముందుకి వంగి కూర్చుంటాడు. చేతులు గాల్లోకి లేచి అప్పటి పని మళ్లీ చేసి చూపిస్తుంటాయి. అందుకే కుదిరితే వీడియో తీయమంటాను. ముఖం ఒక్కటే కాదు, చేతులు కూడా కనబడేలా కెమెరా పెట్టు.

వెళ్లేముందు ఆ మనిషి పనిచేసిన ఓడ చరిత్ర చదువుకుని వెళ్లాలి. ఇందులో బద్ధకించకు. ఓడ పేరుతో పాటు దాని నంబరు కూడా రాసుకో, ఎందుకంటే పేర్లు మళ్లీ మళ్లీ వాడతారు. కనోపస్ అనే టెండర్లు రెండు. మొదటిది ఏఎస్-9. ఫిలిప్పీన్స్‌లో జపాన్ బాంబులు తిన్నాక పగలంతా పొగ కుండలు పెట్టి, వదిలేసిన శిథిలంలా కనబడేలా ఒరిగి ఉండి, రాత్రుళ్లు మాత్రం లోపల షాపులన్నీ నడుపుతూ బటాన్‌లో పోరాడుతున్న వాళ్లకి ఆయుధాలు బాగుచేసి ఇచ్చింది, చివరికి 1942 ఏప్రిల్‌లో శత్రువు చేతికి చిక్కకుండా సొంత మనుషులే దాన్ని ముంచేశారు. రెండోది ఏఎస్-34, 1965లో సర్వీసులోకి వచ్చింది, అణు క్షిపణుల కాలం నాటిది. రెండింటికీ సంబంధమే లేదు. హోలండ్‌లూ అంతే, ఏఎస్-3, ఏఎస్-32. నీ ఎదురుగా ఉన్నాయన ఏ ఓడ మనిషో తెలియకుండా ప్రశ్నలు వేస్తే పాపం ఆయనే మొహమాటపడతాడు.

ప్రోటియస్ వాళ్లు దొరికితే వదలొద్దు. 1944లో సర్వీసులోకొచ్చి, యుద్ధం ముగిశాక లొంగిపోయిన జపాన్ సబ్‌మెరైన్లని స్వాధీనం చేసుకునే పనిలో పాల్గొన్న ఓడ అది. తర్వాత దాన్ని నడిమికి కోసి 44 అడుగుల కొత్త ముక్క అతికించారు, పొలారిస్ అనే అణు క్షిపణులు నిలబెట్టి దాచడానికి. 1961 మార్చిలో స్కాట్లాండ్‌లోని హోలీ లాక్ చేరింది. అప్పటి నుంచి 1992 దాకా అక్కడ ఒక టెండర్ వెళ్తే ఇంకో టెండర్, హన్లీ, సైమన్ లేక్, కనోపస్, హోలండ్, ఇలా ఏదో ఒకటి ఉంటూనే ఉంది. ఒక్కో సబ్‌మెరైన్‌కి బ్లూ, గోల్డ్ అని రెండు సిబ్బంది బృందాలుండేవి. ఒకరు దిగి ఇంటికి వెళ్లేవాళ్లు, ఇంకొకరు ఎక్కి గస్తీకి వెళ్లేవాళ్లు. టెండర్ వాళ్లకి మాత్రం మారు మనిషి లేడు. ఒకటి బయల్దేరగానే ఇంకొకటి వచ్చి పక్కన చేరేది. ఈ అలసట గురించి ఎవరూ పెద్దగా అడగరు, నువ్వు అడుగు. ఒడ్డుకి తీసుకెళ్లే పడవల గురించి, ఆర్డ్‌నాడమ్ రేవు గురించి, అణ్వాయుధాలొద్దంటూ చిన్న చిన్న పడవల్లో వచ్చి ఓడ చుట్టూ తిరిగిన నిరసనకారులని డెక్ మీద నుంచి చూస్తున్నప్పుడు అప్పటి కుర్ర నావికుడిగా ఆయనకి ఏమనిపించిందో కూడా అడుగు. అక్కడి అమ్మాయిలని పెళ్లి చేసుకున్న వాళ్లుంటారు, ఆ ఆవిడలు బతికుంటే వాళ్లతో విడిగా మాట్లాడు.

క్షిపణుల దగ్గరికి వచ్చేసరికి కొందరు టక్కున ఆగిపోతారు. ఓడ మీద అణ్వాయుధాలున్నాయనీ, లేవనీ చెప్పకూడదనే నియమంలో బతికిన మనుషులు వాళ్లు. ఆగితే ఆగనివ్వు, గుచ్చి గుచ్చి అడగొద్దు. "అది వదిలేద్దాం సార్, ఆ డ్యూటీ అయ్యాక రాత్రి నిద్ర పట్టేదా?" అని పక్కకి జరుగు. రహస్యం నీకు అక్కర్లేదు, దాన్ని మోసిన మనిషి కావాలి.

ఇప్పుడు బరువైన సంగతి. 1963 ఏప్రిల్ 10న థ్రెషర్ అనే సబ్‌మెరైన్ లోతు పరీక్షకి దిగి 129 మందితో మునిగిపోయింది. పైన తోడుగా ఉన్నది స్కైలార్క్ అనే రక్షణ నౌక, అంటే ప్రమాదంలో పడ్డ సబ్‌మెరైన్ల వాళ్లని కాపాడే ఓడ, చివరి మాటలు విన్నది దాని మనుషులే. ఇంజిన్ గదిలో ఒక పైపు అతుకు విడిపోయి ఉండొచ్చని విచారణలో అభిప్రాయపడ్డారు. ఆ ఏడాది చివర్లోనే సబ్‌సేఫ్ అనే కట్టుదిట్టమైన పద్ధతి వచ్చింది. నీటి ఒత్తిడి తట్టుకోవాల్సిన ప్రతి భాగానికీ ఏ లోహం వాడారు, ఎవరు అతికారు, ఎవరు పరీక్షించారు అన్నదానికి కాగితం మీద సాక్ష్యం ఉండాలి. అంటే టెండర్ మీద ఇరవై ఏళ్ల వెల్డర్ తన పని కింద తన పేరు రాయాలి, ఆ పేరు మీద నమ్మకంతో వంద మంది నీళ్లలోకి దిగుతారు. నేను మాట్లాడినవాళ్లలో యుద్ధం గురించి మామూలుగా మాట్లాడి ఆ సంతకం దగ్గరికి వచ్చేసరికి గొంతు పూడుకుపోయినవాళ్లున్నారు. అడుగు, అడిగాక మాట్లాడకుండా ఉండు. నిశ్శబ్దం ఎంత సేపైనా సరే, దాన్ని నువ్వు నింపొద్దు. 1968లో 99 మందితో పోయిన స్కార్పియన్ అనే సబ్‌మెరైన్‌లో స్నేహితులున్నవాళ్లు కూడా తగలొచ్చు. ఏడిస్తే రికార్డర్ ఆపమంటారా అని అడుగు, ఆపమంటే ఆపేయ్.

రక్షణ నౌకల వాళ్లు మన పట్టికలో లేరు కదా అని వదిలేయకు. 1939 మేలో స్క్వాలస్ అనే సబ్‌మెరైన్ మునిగినప్పుడు ఫాల్కన్ అనే ఓడ నుంచి రక్షణ గంట, అంటే మనుషుల్ని కూర్చోబెట్టి పైకి తెచ్చే గంట ఆకారపు గది, దించి 33 మందిని ప్రాణాలతో పైకి తెచ్చారు. ఆ పరంపరలో తర్వాత పనిచేసిన డైవర్లు ఇంకా ఉన్నారు. వాళ్లవీ సబ్‌మెరైన్లకి అండగా నిలిచిన ఓడలే.

ఆడవాళ్లని కూడా వెతుకు. నెలవారీ కలయికలకి వాళ్లు రాకపోవచ్చు, అంతమాత్రాన లేనట్టు కాదు. 1978లో కోర్టు తీర్పు, చట్ట సవరణ వచ్చాక మహిళలు టెండర్ల లాంటి ఓడల మీద పనికి వెళ్లడం మొదలైంది. అమెరికాలో సబ్‌మెరైన్లలోకి వాళ్లని అనుమతించింది 2010లో. అంటే మూడు దశాబ్దాలు వాళ్లు ఆ సబ్‌మెరైన్లని బాగుచేశారు, వాటిలో సముద్రానికి మాత్రం వెళ్లలేకపోయారు. ఈ మాట వాళ్ల నోటే రావాలి.

ఇక చిన్న చిన్న జాగ్రత్తలు. ఒక్కొక్కరితో ముందు విడిగా మాట్లాడు, తర్వాతే ఇద్దరు ముగ్గుర్ని కలిపి కూర్చోబెట్టు. కలిస్తే ఒకరికొకరు అందించుకుంటారు, బాగుంటుంది, కానీ గట్టిగా మాట్లాడేవాడి జ్ఞాపకమే అందరి జ్ఞాపకం అయిపోతుంది. ఇంజిన్ల మోతలో ఏళ్లు గడిపిన చెవులవి, కాబట్టి ఎదురుగా కూర్చుని, అరవకుండా, నిదానంగా మాట్లాడు. ఫ్యాన్ ఆపు, ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టు. మొదట్లోనే తేదీ, పేరు, ఓడ నంబరు, ఏ ఏడాది నుంచి ఏ ఏడాది వరకు, ఇవి పైకి చదివించు. తారీఖు తప్పు చెబితే మధ్యలో సరిచేయకు, రాసుకుని తర్వాత చూసుకో. ఓడల డెక్ లాగ్‌లు, అంటే ఓడ రోజువారీ డైరీలు, అమెరికా నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్నాయి, ఏ రోజు ఎక్కడ ఉందో అందులో తేలిపోతుంది. చాలామంది ఇళ్లల్లో క్రూజ్ బుక్ ఉంటుంది, కాలేజీ వాళ్లు ఫొటోలతో వేసే సావనీర్ లాంటిది. దాన్ని ముందు పెట్టి పేజీలు తిప్పించు, ఫొటోలో పక్కన ఉన్నవాడి పేరు అడుగు, చాలు.

సర్వీసు రికార్డు పోయిందన్నవాళ్లకి సెయింట్ లూయిస్‌లోని రికార్డుల కేంద్రానికి రాయమని చెప్పు. 1973లో అక్కడ జరిగిన అగ్నిప్రమాదంలో కాలిపోయినవి ముఖ్యంగా ఆర్మీ, ఎయిర్‌ఫోర్స్ వాళ్లవి, నేవీ వాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు. ఇంకో ముఖ్యమైన సంగతి, ఈ ఓడల్లో పైపుల చుట్టూ ఆస్బెస్టాస్ ఉండేది, దాన్ని చేత్తో ఊడదీసి మళ్లీ చుట్టినవాళ్లు ఇప్పుడు ఊపిరితిత్తుల జబ్బులతో ఉన్నారు. ప్రభుత్వ సాయానికి దరఖాస్తు పెట్టినప్పుడు, ఫలానా మనిషి ఫలానా పని నా పక్కనే చేశాడని తోటివాడు రాసిచ్చే సాక్ష్యం పనికొస్తుంది. కాబట్టి ఎవరు ఎవరి పక్కన పనిచేశారో శ్రద్ధగా రాసుకో, అది ఒకరి మందుల ఖర్చుకి అక్కరకి రావొచ్చు.

లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లో మాజీ సైనికుల జ్ఞాపకాలు దాచే వెటరన్స్ హిస్టరీ ప్రాజెక్ట్ ఉంది, 2000లో చట్టం చేసి పెట్టారు. కనీసం 30 నిమిషాల రికార్డింగ్ అయితే వాళ్లు తీసుకుంటారు, కత్తిరించకుండా ఉన్నది ఉన్నట్టు ఇవ్వాలి. సంతకాల ఫారాలు మొదటి రోజే తీసుకెళ్లు, తర్వాత చూద్దాం అనుకోవద్దు. కుటుంబానికి ఒక కాపీ ఇవ్వు.

1961లో హోలీ లాక్‌లో దిగిన ఇరవై ఏళ్ల కుర్రాడు ఇప్పుడు ఎనభై దాటేశాడు. కాబట్టి పట్టికలో అందరికన్నా పెద్దవాళ్లకి ఈ వారమే ఫోన్ చెయ్యి, ప్రశ్నలన్నీ సిద్ధమయ్యాక అని ఆగకు. పొద్దున పూట టైమ్ అడుగు, సాయంత్రానికి వాళ్లు అలసిపోతారు. మొదటిది అవగానే ఆడియో నాకు పంపు, విని ఎక్కడ ఇంకాస్త అడగొచ్చో రాస్తాను, రెండోసారి కూర్చునేటప్పుడు పనికొస్తుంది.

ఉంటాను,
పెదనాన్న