పలుకు పోని పప్పు

చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అయిన నా మేనకోడలికి, అనంతపురం నుంచి అత్త ఆశీర్వదించి రాయునది.

ఇక్కడ అందరం క్షేమం. మే నెల మూడో వారంలో నువ్వు ఇద్దరు స్నేహితురాళ్ళతో కలిసి ఉత్తరాఖండ్‌లోని హర్ కీ దూన్ లోయకు నడిచి వెళ్తున్నావనీ, కూలీలను పెట్టుకోకుండా గుడారమూ తిండీ మీ వీపుల మీదే మోసుకుంటారనీ మీ నాన్న నిన్న రాత్రి ఫోనులో చెప్పాడు. వాడి గొంతులో భయం వినిపించింది. నాకు మాత్రం ముందు గర్వం కలిగింది, ఫోను పెట్టేశాక భయం వేసింది. తిండి సంగతి అడిగితే మూడు పూటలకూ నూడుల్స్ ప్యాకెట్లూ బిస్కెట్లూ కొంటున్నావని చెప్పాడు. అందుకే నిద్ర పట్టక ఈ ఉత్తరం రాస్తున్నాను. కాస్త కోపంగా రాసినట్టు అనిపిస్తే ఓర్చుకో తల్లీ.

బూట్లు ఇప్పటి నుంచే తొడుక్కుని నడువు. అటవీ శాఖ అనుమతి ముందే తీసుకో. గ్యాస్ డబ్బా విమానంలో గానీ రైలులో గానీ తీసుకుపోనివ్వరు కనుక డెహ్రాడూన్‌లోనే కొనుక్కో. ఇవి నీకు తెలిసినవే, పొడిగించను. నేను చెప్పవలసింది పప్పు గురించి.

1985 మే నెలలో నేనూ నాతో చదివిన ఇద్దరు అమ్మాయిలూ ఇప్పటి ఉత్తరాఖండ్‌లోనే ఉన్న కుమావూఁ ప్రాంతంలోని పిండారీ హిమానీనదానికి బయలుదేరాము. బాగేశ్వర్ దాటి, లోహార్‌ఖేత్, ఢాకురీ, ఖాతీ, ద్వాలీ మీదుగా ఫుర్కియా చేరి, అక్కడి నుంచి తెల్లవారుజామున మంచు చూడటానికి వెళ్ళాలని మా ఆలోచన. మా అమ్మ, అంటే మీ నాయనమ్మ, రెండు కిలోల చిన్న కుక్కరు ఇచ్చి పంపింది. బాగేశ్వర్‌లో సంచులు తూచుకున్నప్పుడు ఆ బరువు నాకు దండగనిపించింది. అందరికంటే నేనే పెద్దదాన్ని, వంట బాధ్యత నాది, కనుక ఎవరినీ అడగకుండా కుక్కరును బస చేసిన చోట వదిలేసి, పచ్చి కందిపప్పూ బియ్యమూ ఒక అల్యూమినియం గిన్నే పంపు స్టవ్వూ మాత్రం సంచిలో పెట్టాను.

ఖాతీ వరకు ఊళ్ళలో రొట్టెలూ బంగాళాదుంపలూ దొరికాయి. ద్వాలీలో మొదటిసారి పప్పు పెట్టాను. గంట గడిచింది, నీళ్ళు కుతకుతలాడుతూనే ఉన్నాయి, గింజ మాత్రం పలుకుగానే ఉంది. సగానికి పైగా కిరోసిన్ అయిపోయింది. మిగిలింది దాచుకోవాలని ఆ మర్నాడు తాగే నీళ్ళు కాచడం మానేసి వాగు నీళ్ళే తాగించాను. రెండో తప్పు అది. ఆ సాయంత్రం వానలో తడిసి ఫుర్కియా బంగళాకు చేరాము. ఆకలి మీద ఉన్నాము, మళ్ళీ పప్పే ఎక్కించాను. గంటన్నర మండి స్టవ్వు ఆరిపోయింది. పలుకు పోని ఆ పప్పునే అన్నంలో కలుపుకుని తిన్నాము. బియ్యం కూడా మధ్యలో గట్టిగానే ఉంది.

అర్ధరాత్రి మాలో చిన్నదానికి వాంతులూ విరేచనాలూ మొదలయ్యాయి. మమ్మల్ని లేపడం ఇష్టం లేక ఆ పిల్ల నాలుగుసార్లు ఒక్కతే చలిలో బయటకు వెళ్ళి వచ్చింది. నాకు మెలకువ వచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చుని ఉంది, పెదవులు ఎండిపోయాయి, చెయ్యి పట్టుకుంటే మంచుగడ్డలా ఉంది. గుక్కెడు వేడి నీళ్ళు ఇద్దామంటే చుక్క కిరోసిన్ లేదు. బయట కట్టెలన్నీ వానకు నానిపోయి ఉన్నాయి. బంగళా కాపలాదారు తలుపు తట్టాను. ఆ ముసలాయన మారుమాట లేకుండా తన పొయ్యి రాజేసి, నీళ్ళు కాచి, ఉప్పూ చక్కెరా కలిపి చెంచాతో తాగించాడు. తెల్లవారాక పలుచటి గంజి పోశాడు, మాకు మండువా రొట్టెలు కాల్చి పెట్టాడు. రొట్టె రంగు చూస్తే అనుమానం వచ్చింది, నోట్లో పెట్టుకున్నాక తెలిసింది, వాళ్ళ మండువా మన రాగులే. సంగటి తిని పెరిగిన దాన్ని, అంత దూరాన ఆ రుచి తగిలేసరికి ఏడుపు ఆగలేదు.

మంచు చూడకుండానే వెనక్కి తిరిగాము. ఆ పిల్లను ఖాతీ దాకా మెల్లగా నడిపించుకుంటూ వచ్చాము. పప్పు వల్ల జరిగిందా, నీళ్ళ వల్ల జరిగిందా అని తరువాత నన్ను అడిగినవారు ఉన్నారు. రెండూ నా చేతి మీదుగా వచ్చినవే. ఆమె ఈనాటికీ నన్ను ఒక్క మాట అనలేదు.

కారణం నేను తిరిగి వచ్చాకే తెలుసుకున్నాను. సుమారు 300 మీటర్ల ఎత్తుకు ఒక డిగ్రీ చొప్పున నీళ్ళు మరిగే వేడి తగ్గుతుంది. 3,260 మీటర్ల ఎత్తున ఉన్న ఫుర్కియాలో సుమారు 89 డిగ్రీలకే నీళ్ళు మరుగుతాయి. ఎంత మంట పెట్టినా మూతలేని గిన్నెలో వేడి అంతకు మించదు. హర్ కీ దూన్ ఇంకా ఎత్తు, 3,500 మీటర్లు దాటుతుంది. అందువల్ల నీ సంచిలోకి వెళ్ళే ప్రతి గింజా ఇంట్లోనే పూర్తిగా ఉడికి గానీ వేగి గానీ ఉండాలి. కొండ మీద నువ్వు వండకూడదు, వేడి నీళ్ళలో నానబెట్టుకోవాలి, అంతే. తాగే నీళ్ళను మాత్రం తెర్లు వచ్చాక మరో మూడు నిమిషాలు మరగనివ్వు, గ్యాస్ మిగుల్చుకోవాలని అక్కడ ఎప్పుడూ చూడకు.

ఇప్పుడు పప్పు ఎలా చేయాలో చెబుతాను, శ్రద్ధగా చదువు. కందిపప్పును దోరగా వేయించి, పసుపు వేసి, కుక్కరులో మెత్తగా ఉడికించి బాగా మెదుపు. నూనె గానీ నెయ్యి గానీ ఒక్క చుక్క తగలకూడదు, ఎందుకంటే జిడ్డు ఎండదు, పైగా త్వరగా కమురు వాసన వస్తుంది. ఉడికిన పప్పును పళ్ళేల మీద దోసె కంటే పలుచగా పూసి, పైన పలుచటి బట్ట కప్పి మన ఏప్రిల్ ఎండలో రెండు రోజులు పెట్టు. మొదటి సాయంత్రం పైన ఎండినట్టు కనిపించి అడుగున మెత్తగా ఉంటుంది, అప్పుడు తిరగేయాలి. రాత్రి లోపలికి తెచ్చుకో. చేత్తో విరిస్తే అప్పడంలా టప్పున విరగాలి. వంగితే ఇంకా తడి ఉన్నట్టే, అలాంటిది డబ్బాలో పెడితే బూజు పడుతుంది. మీ అపార్టుమెంటులో మేడ మీదకు వెళ్ళనివ్వకపోతే ఓవెన్‌ను 60 డిగ్రీల దగ్గర పెట్టి, తలుపు కొంచెం తెరిచి ఉంచి ఆరబెట్టు. విరిగిన పలకలను బరకగా పొడి చేసి, ఉప్పూ కారమూ ఇంగువా కలిపి, మామిడి ఒరుగులను దంచిన పొడి చేర్చు. పిడికెడు పొడిలో మరిగే నీళ్ళు పోసి పదిహేను నిమిషాలు మూత పెడితే మామిడికాయ పప్పు సిద్ధం. నెయ్యి అప్పుడు వేసుకో.

అన్నం కూడా అంతే. ఉడికించి, పొడిపొడిగా ఆరబెట్టి, గలగలమనే దాకా ఎండనిస్తే వేడి నీళ్ళకు మళ్ళీ మెత్తబడుతుంది. అయితే నా మాట వింటే అటుకులనే ఎక్కువగా తీసుకో. వడ్లను నానబెట్టి, వేయించి, దంచుతారు కనుక అటుకులు మన చేతికి వచ్చేటప్పటికే సగం వంట అయిపోయి ఉంటుంది. ఎండు మిరపకాయలు, శనగపప్పు, వేరుశనగ గుండ్లు, కరివేపాకు నూనెలో వేయించి, చింతపండు గుజ్జును దగ్గరకు వచ్చేదాకా ఉడికించి చిన్న సీసాలో పెట్టుకుంటే, నీళ్ళు చల్లిన అటుకులకు అది కలిపితే చాలు, పులిహోర అవుతుంది. సీసా మూత బిగించి రెండు సంచుల్లో చుట్టు. ఉప్మా రవ్వను నేతిలో కమ్మటి వాసన వచ్చేదాకా వేయించి, తిరగమోత అందులోనే కలిపి పూటకొక పొట్లం కట్టు. రవ్వకు రెండింతలు మరిగే నీళ్ళు పోసి పది నిమిషాలు మూసి ఉంచాలి.

పొద్దున్నే గుడారంలో చలికి వణుకుతున్నప్పుడు రాగులంత మేలు మరొకటి చేయదు. మొలకెత్తించి, ఎండబెట్టి, దోరగా వేయించి, పిండి పట్టించు, బెల్లం పొడి కలిపి పెట్టుకో. పిండిని ముందు చల్లటి నీళ్ళలో ఉండలు లేకుండా కలిపి, మరుగుతున్న నీళ్ళలో పోసి రెండు పొంగులు రానివ్వు. దారిలో నమలడానికి సున్నుండలూ వేరుశనగ అచ్చులూ చాలు.

బరువు గురించి నాకు ఇంకో దిగులు ఉంది. సంచి తేలిక కావాలని నువ్వు తిండినే తగ్గిస్తావేమోనని. ఆ పని చేయకు. మనిషికి రోజుకు 600 నుంచి 700 గ్రాముల పొడి తిండి ఉండాలి. ఆరు రోజుల నడకకు ఏడో రోజుది కూడా కలిపి పెట్టుకో, వాన పడితే ఒక రోజు ఆగిపోవలసి వస్తుంది. తలా నాలుగు కిలోలు దాటుతుంది, మోయండి. తగ్గించవలసింది తిండిలోని నీళ్ళను. దుకాణంలో దొరికే, వేడి చేసుకుని తినే కూర ప్యాకెట్ 300 గ్రాములు తూగితే అందులో ఎక్కువ భాగం నీళ్ళే. ఆ నీళ్ళను డెహ్రాడూన్ నుంచి మోయడం ఎందుకు, దారి పొడవునా ఏరు పారుతుంటే? 100 గ్రాముల అటుకులు సుమారు 350 కేలరీలు ఇస్తే, అంతే బరువున్న వేరుశనగ గుండ్లు 560కి పైగా ఇస్తాయి. అందుకే ప్రతి పూటా ఏదో ఒక దానిలో గుండ్లో నువ్వులో నెయ్యో ఉండాలి.

ఎత్తుకు వెళ్ళేకొద్దీ ఆకలి చచ్చిపోతుంది, కొందరికి తీపి వెగటు అనిపిస్తుంది. అప్పుడు నాలుకను లేపేది పులుపూ కారమే. నువ్వుల పొడి, కరివేపాకు పొడి, శొంఠి, వేయించిన ఊరమిరపకాయలు, ఉప్పులో ఊరి ఎండిన ఉసిరి ముక్కలు చిన్న చిన్న పొట్లాలుగా పెట్టుకో. కొబ్బరి పొడి మాత్రం వద్దు, త్వరగా కమురుతుంది. గోరుచిక్కుడు ఒరుగులు వేయించి నీకు ఎంత ఇష్టమో నాకు గుర్తుంది. నాలుగేళ్ళప్పుడు మా మేడ మీద ఆరబోసిన ఒరుగులను ఒడిలో నింపుకుని మెట్ల మీద కూర్చుని తినేదానివి, కాకుల కంటే ముందు నిన్ను తోలవలసి వచ్చేది. ఆ పిల్ల ఇప్పుడు హిమాలయాలకు వెళ్తోంది.

వేయించినది ఏదైనా పూర్తిగా చల్లారాకే మూత పెట్టు. ప్రతి పొట్లం మీద ఏ రోజు, ఏ పూట, ఎన్ని నీళ్ళు అని రాయి, అలసినప్పుడు ఏదీ గుర్తుండదు. తిండిని గుడారంలో దగ్గర పెట్టుకుని పడుకోకు, అక్కడి అడవిలో ఎలుగుబంట్లు ఉంటాయి. ఖాళీ సంచులు ఒక్కటి కూడా ఆ లోయలో పారేయకుండా తిరిగి తీసుకురా. బయలుదేరడానికి రెండు వారాల ముందు ఒక ఆదివారమంతా ఇంట్లో ఈ పొట్లాలే నానబెట్టుకుని ముగ్గురూ తినండి. ఉప్పు చాలకపోయినా, కడుపుకు పడకపోయినా అది మీ వంటింట్లోనే తెలియాలి.

ఇక నా భయం సంగతి. ఓఆర్ఎస్ పొట్లాలు తలా నాలుగు పెట్టుకోండి. అవి అయిపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్ళలో ఆరు చెంచాల చక్కెర, అర చెంచా ఉప్పు, చెంచా అంటే టీ చెంచా, అంచుకు సమంగా కొలిచి కలుపు. ఉప్పు ఎక్కువైతే కీడు చేస్తుంది, కనుక కంటి అంచనా వద్దు. ఆ చెంచా సంచిలో ఉందో లేదో ఇప్పుడే చూసుకో. మీ ముగ్గురిలో ఎవరికి కడుపు నొప్పి వచ్చినా, తల తిరిగినా, అర్ధరాత్రి అయినా మిగతా ఇద్దరినీ లేపాలని బయలుదేరే ముందే ఒట్టు పెట్టుకోండి. చిన్నప్పుడు జ్వరం వస్తే చెప్పకుండా బడికి వెళ్ళిపోయేదానివి నువ్వు. నిన్ను తలుచుకున్నప్పుడల్లా ఫుర్కియాలో గోడకు ఆనుకుని కూర్చున్న ఆ పిల్లే నా కళ్ళ ముందుకు వస్తోంది.

మామిడి ఒరుగులు రెండు కిలోల కాయలవి ఎండబెట్టాను, గోరుచిక్కుడువి కూడా ఉన్నాయి. శుక్రవారం మీ నాన్న వస్తున్నాడట, వాడి చేతికి ఇచ్చి పంపుతాను. కందిపప్పు మాత్రం నువ్వే చేయాలి, నేను చేసి పంపను, చెయ్యి తిరగాలి. రెండో రోజు సాయంత్రం ఆ పలక ఎండిందనిపించగానే నాకు ఫోను చేసి, ఫోను దగ్గర పెట్టి విరువు. చప్పుడు వింటే చాలు, ఎండిందో లేదో నేను చెబుతాను.

ఇట్లు,
నీ అత్త