లీగ్ టూ క్లబ్బు మా అబ్బాయిని తీసుకుంటానంటోంది, పంపమంటారా?

ప్రశ్న: మాది గుంటూరు జిల్లా. పన్నెండేళ్లుగా రెడింగ్‌లో ఉంటున్నాం. నేను ఐటీలో పనిచేస్తాను. మా అబ్బాయి ఇయర్ 11. ఇంగ్లండ్ ఫుట్‌బాల్‌లో నాలుగో అంచె అయిన లీగ్ టూలోని ఒక క్లబ్బు అకాడమీలో ఆడుతున్నాడు. పదహారు నిండాక రెండేళ్ల స్కాలర్‌షిప్ ఇస్తామని క్లబ్బు వాళ్లు లెటర్ ఇచ్చారు. ఇటు గ్రామర్ స్కూల్లో ఎ-లెవెల్స్ (మన ఇంటర్ లాంటివి) సీటు ఉంది. లెక్కల్లో మంచి మార్కులొస్తాయి, కంప్యూటర్ సైన్స్ చదివించాలని మా ఆశ. మాక్ పరీక్షల్లో మార్కులు తగ్గాయని నెల రోజులు వాడి బూట్లు కారు డిక్కీలో పెట్టి తాళం వేశాను, అప్పట్నుంచి నాతో మాటల్లేవు. వాళ్లమ్మ రోజూ ఏడుస్తోంది. ఫీజు కడితే చదువు, ఫుట్‌బాల్ రెండూ చూసుకునే ప్రైవేటు అకాడమీ ఉందని మా బావమరిది అంటున్నాడు. ఈ మూడూ పోల్చి చెప్పండి. ఇరవై ఏళ్లొచ్చాక క్లబ్బు వద్దు పొమ్మంటే వాడి గతేంటి?

జవాబు: మీరు పోల్చి చెప్పమన్నారు గానీ, మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఆ చివరి వాక్యం. ఇంగ్లండ్‌లో ఉన్న మన తల్లిదండ్రులు అందరూ అడిగేది అదే. ముందు దాని సంగతి చూద్దాం.

క్లబ్బు వద్దనేది ఇరవైకి కాదు, చాలామందికి పద్దెనిమిదికే. స్కాలర్‌షిప్ రెండేళ్లే. రెండో ఏడాదిలో ప్రొఫెషనల్ కాంట్రాక్ట్ ఇస్తారో లేదో తేల్చేస్తారు. సీజన్ ముగిశాక ఎవరిని ఉంచుకున్నారో, ఎవరిని వదిలేశారో చెప్పే జాబితా బయటికొస్తుంది, జూన్ 30తో ఒప్పందాలు ముగుస్తాయి. ఈ స్థాయి క్లబ్బుల్లో ఒక బ్యాచ్ నుంచి కాంట్రాక్ట్ దక్కేది కొద్దిమందికే. ఎవరికీ దక్కని ఏడాదులు కూడా ఉంటాయి. అంటే మీరు భయపడే రోజు ఎప్పుడొస్తుందో క్యాలెండర్‌లో ఇప్పుడే గుర్తు పెట్టుకోవచ్చు, సిద్ధపడటానికి రెండేళ్ల టైముంది. ఆ రోజుకి మీవాడి చేతిలో ఒక లెవెల్ 3 చదువు (ఎ-లెవెల్స్ స్థాయిది) ఉంటుంది, వయసు పద్దెనిమిది. ఇంకో ఏడాదో రెండేళ్లో నాన్-లీగ్‌లో, అంటే లీగ్ టూ కింది అంచెల్లో, ప్రయత్నించి ఇరవైకి యూనివర్సిటీలో చేరినా ఇక్కడ ఎవరూ వింతగా చూడరు. ఈ దేశంలో డిగ్రీలో చేరేనాటికి 21 నిండితేనే ‘మెచ్యూర్ స్టూడెంట్’ అంటారు, వాళ్లకూ స్టూడెంట్ లోన్ వస్తుంది. ఏడాది గ్యాప్ వస్తే జీవితం పోయినట్టు లెక్కేసేది మన ఇళ్లలోనే.

ఇంకో సంగతి ముందే చూసుకోవాలి. పన్నెండేళ్లయింది కాబట్టి మీకు ఐఎల్ఆర్ (శాశ్వతంగా ఉండే అనుమతి) గానీ బ్రిటిష్ పాస్‌పోర్ట్ గానీ వచ్చే ఉంటుంది. ఇది చదివే మిగతా తల్లిదండ్రులు మాత్రం వీసా షరతులు తీసి చదవండి. స్కిల్డ్ వర్కర్ వీసా మీద వచ్చినవారి డిపెండెంట్లు దాదాపు ఏ ఉద్యోగమైనా చేయొచ్చు, ప్రొఫెషనల్ క్రీడాకారుడిగా, కోచ్‌గా మాత్రం చేయకూడదు. అకాడమీలో ఏళ్ల తరబడి ఆడిన పిల్లవాడు సరిగ్గా సంతకం పెట్టాల్సిన వేళ ఈ ఒక్క వాక్యం దగ్గర ఆగిపోతాడు. క్లబ్బు లెటర్ రాకముందే ఇమిగ్రేషన్ లాయర్‌ని అడగండి.

ఇక స్కాలర్‌షిప్‌లో రోజు ఎలా గడుస్తుందో చెబుతాను. పేరు స్కాలర్‌షిప్ అయినా నిజానికిది అప్రెంటిస్‌షిప్. పద్దెనిమిదేళ్ల దాకా చదువులోనో శిక్షణలోనో ఉండాలన్న చట్టం కూడా దీంతో తీరిపోతుంది. ఉదయం గ్రౌండ్, మధ్యాహ్నం జిమ్ లేదా వీడియో, వారంలో కొన్ని గంటలు క్లాసు. చదువు బాధ్యత లీగ్ ఫుట్‌బాల్ ఎడ్యుకేషన్ అనే సంస్థ చూస్తుంది. ప్రీమియర్ లీగ్ కింది మూడు అంచెల్ని నడిపే ఈఎఫ్ఎల్, ఆటగాళ్ల సంఘం పీఎఫ్ఏ కలిసి 2004లో పెట్టిన సంస్థ అది. శనివారం ఉదయం అండర్-18 మ్యాచ్. చిన్న క్లబ్బుల్లో బంతులకు గాలి కొట్టేదీ, కోన్లు సర్దేదీ ఈ పిల్లలే. చేతికొచ్చేది పాకెట్ మనీ కంటే కాస్త ఎక్కువ, అంతే.

దెబ్బ తగిలేది ఆ తర్వాతే. పెద్ద క్లబ్బుల్లో అండర్-18 దాటితే అండర్-21 జట్టు ఉంటుంది. లీగ్ టూలో చాలా చోట్ల ఆ మధ్య మెట్టు లేదు. పద్దెనిమిదేళ్ల కుర్రాడు తోటివాళ్లతో ఆడి, మర్నాటి నుంచి ముప్పై రెండేళ్ల సెంటర్ బ్యాక్‌తో భుజం భుజం తాకించి నిలబడాలి. అవతలి మనిషి ఇంటి అద్దె ఆ మ్యాచ్ బోనస్ మీద ఆధారపడి ఉంటుంది, కుర్రాడని జాలి చూపడు. సీజన్‌లో 46 లీగ్ మ్యాచ్‌లు, మంగళవారం రాత్రుళ్లు కూడా. నాలుగు మ్యాచ్‌లు ఓడితే తన ఉద్యోగమే పోతుందని తెలిసిన మేనేజర్ కొత్త కుర్రాణ్ని దించడానికి వెనకాడతాడు. పైగా ఆ స్థానానికే ప్రీమియర్ లీగ్ అకాడమీ కుర్రాడు లోన్ మీద, అంటే కొన్నాళ్లకి అరువుగా, వస్తాడు. మీవాణ్ని ఇష్టపడి తీసుకున్న మేనేజర్ వెళ్లిపోతే వచ్చినాయనకు మీవాడి పేరు కూడా తెలియదు. చాలామంది పిల్లలు ఆగిపోయేది ఇక్కడే. అందుకే రెండో ఏడాదిలో నాన్-లీగ్ క్లబ్బుకి లోన్ మీద పంపమని మీవాడే అడగాలి. పెద్దవాళ్లతో ఆడిన పది మ్యాచ్‌లు అండర్-18లో కొట్టిన ఇరవై గోల్స్ కంటే ఎక్కువ పలుకుతాయి.

కాంట్రాక్ట్ వచ్చిందే అనుకుందాం. మీకు తెలిసిన జీతాలు ప్రీమియర్ లీగ్‌వి, టీవీలో చూసినవి. 2020 ఆగస్టులో లీగ్ టూ క్లబ్బులు ఒక పరిమితికి ఓటేశాయి: జట్టు మొత్తం జీతాలకు ఏడాదికి 15 లక్షల పౌండ్లు. పీఎఫ్ఏ సవాలు చేస్తే 2021 ఫిబ్రవరిలో అది రద్దయింది, కానీ స్థాయి తెలియడానికి ఆ అంకె చాలు. ఇరవై మంది సీనియర్లకు పంచి చూడండి, తలకి 75 వేలు. బోనస్‌లు, ఏజెంట్ ఫీజులు కూడా అందులోనే. పద్దెనిమిదేళ్ల కుర్రాడికి దాని దరిదాపుల్లో ఏమీ రాదు. ఒప్పందం సాధారణంగా ఒక ఏడాది, మహా అయితే రెండు. ‘ఒక ఏడాది, క్లబ్బు ఆప్షన్‌తో ఇంకో ఏడాది’ అని రాసుంటే, ఉంచుకోవాలా వద్దా అన్నది క్లబ్బు ఇష్టం, మీవాడి ఇష్టం కాదు. బేసిక్ ఎంత, ఆడితే ఎంత, గెలిస్తే ఎంత అని విడివిడిగా రాస్తారు. మోకాలు దెబ్బతిని బయట కూర్చుంటే ఆ ‘ఆడితే’ భాగం రాదు. బడ్జెట్ ఎప్పుడూ బేసిక్ మీదే వేసుకోవాలి.

క్లబ్బే మునిగిపోవచ్చు కూడా. 1885లో పుట్టిన బరీ క్లబ్బుని 2019 ఆగస్టు 27న ఈఎఫ్ఎల్ నుంచి తీసేశారు. అప్పులు, జీతాల బకాయిలు. మరుసటి ఏడాది సెప్టెంబర్‌లో మాక్లెస్‌ఫీల్డ్ టౌన్‌ క్లబ్బుని కోర్టు మూసేయించింది. కాబట్టి మీవాడు మొదటి రోజే పీఎఫ్ఏలో సభ్యుడు కావాలి. జీతం ఆగినా, కాంట్రాక్ట్ అర్థం కాకపోయినా, తర్వాత చదువుకి డబ్బు సాయం కావాలన్నా మొదట తలుపు తట్టేది అక్కడే. ఆసియా మూలాలున్న ఆటగాళ్ల కోసం వాళ్లు ఎయిమ్స్ అనే మెంటరింగ్ పథకం కూడా నడుపుతున్నారు, అడగండి.

ఇంత చెప్పాక మీరు స్ట్రైకర్ జేమీ వార్డీ పేరెత్తుతారు, అందరూ ఎత్తుతారు. పదహారేళ్లకు షెఫీల్డ్ వెడ్నస్‌డే వదిలేస్తే స్టాక్స్‌బ్రిడ్జ్‌లో వారానికి 30 పౌండ్లకు ఆడి, 2016లో లెస్టర్‌తో ప్రీమియర్ లీగ్ గెలిచాడు, నిజమే. ఆ 30 పౌండ్ల రోజుల్లో ఫ్యాక్టరీలో పనిచేశాడన్న సంగతి కూడా పక్కన రాసుకోండి. నేనైతే మాల్ బెనింగ్‌ని చూడమంటాను. పంజాబీ మూలాలున్న లెఫ్ట్ బ్యాక్. వాల్సాల్, మాన్స్‌ఫీల్డ్, పోర్ట్ వేల్, ష్రూస్‌బరీ, ఇవీ ఆయన ఆడిన క్లబ్బులు. 2022లో లీగ్ టూ ప్లేఆఫ్ ఫైనల్లో వెంబ్లీ మైదానంలో తన పాత జట్టు మాన్స్‌ఫీల్డ్ మీదే పోర్ట్ వేల్ మూడో గోల్ కొట్టాడు. పేపర్ల మొదటి పేజీకి ఎక్కకపోయినా, ఇష్టమైన పని చేస్తూ దాని మీదే బతికిన కెరీర్ అది. మీవాడికి అన్నీ కలిసొస్తే దొరికేది ఇలాంటిది. దీన్ని తక్కువగా చూసేటట్టయితే లెటర్ వెనక్కి ఇచ్చేయండి.

లీగ్ టూకి రెండు మెట్లు కింద నేషనల్ లీగ్ నార్త్, సౌత్ జట్లు చాలావరకు పార్ట్‌టైమ్. మంగళ, గురువారాలు సాయంత్రం ప్రాక్టీస్, శనివారం మ్యాచ్, పగలు వేరే ఉద్యోగం. ఒప్పందాలు చాలావాటికి సీజన్ వరకే, వేసవిలో ఆట డబ్బు రాదు. అయినా పగలు టీచరో ఫిజియోనో అయి, సాయంత్రం ఆడే మనిషికి రెండు ఆదాయాలు. దీన్ని ఓడిపోవడం అనకండి.

మీ బావమరిది చెప్పిన ప్రైవేటు అకాడమీ సంగతి. దీని మీద నాకు గట్టి అనుమానాలున్నాయి. హైదరాబాద్‌లో కూడా ‘ఇంగ్లండ్ ఫుట్‌బాల్ అకాడమీ’ పేరుతో బ్రోషర్లు తిరుగుతున్నాయి, లక్షలు కడుతున్నారు. ఒక్క కొలత గుర్తుంచుకోండి: లీగ్ క్లబ్బు నిజంగా కావాలనుకున్న పిల్లవాడి దగ్గర ఫీజు తీసుకోదు. 2012 నుంచి అకాడమీలకు ఒకటి నుంచి నాలుగు దాకా కేటగిరీలున్నాయి. మీది ఏ కేటగిరీ అని అడగండి. జవాబు రాకపోతే అది కోచింగ్ సెంటర్, గ్రౌండ్ బాగుండొచ్చు, అంతే. పిల్లవాడు ఏ క్లబ్బు పేరు మీద రిజిస్టర్ అవుతాడు, శనివారం ఏ లీగ్‌లో ఆడతాడు అని అడగండి. ‘స్కౌట్లు వస్తుంటారు’ అనే మాటకి విలువ లేదు, స్కౌట్లు పార్కు మ్యాచ్‌లకూ వస్తారు. ఇండియా నుంచి పంపాలనుకునేవాళ్లు ఇంకొకటి వినాలి: బ్రెగ్జిట్ తర్వాత, 2021 జనవరి నుంచి, ఇంగ్లిష్ క్లబ్బులు విదేశాల నుంచి పద్దెనిమిది నిండని పిల్లల్ని తీసుకోలేవు. ఆ వయసు వాడికి ‘క్లబ్బులో చోటు’ అని ఎవరైనా అమ్ముతుంటే లేనిదాన్ని అమ్ముతున్నట్టే. మీకైతే అసలు క్లబ్బే ఉచితంగా రమ్మంటోంది. నకలుకి డబ్బు కట్టడం దేనికండీ?

పోలికలో ముఖ్యమైనది ఒక్కటే, కంప్యూటర్ సైన్స్. క్లబ్బులో సాధారణంగా ఇచ్చే బీటెక్ (BTEC, మన ఇంజనీరింగ్ బీటెక్ కాదు) స్పోర్ట్ ఎక్స్‌టెండెడ్ డిప్లొమా, యూనివర్సిటీ అడ్మిషన్లకు లెక్కేసే యూకాస్ పాయింట్లలో మూడు ఎ-లెవెల్స్‌కి సమానం. మూడు డిస్టింక్షన్లు అంటే 144 పాయింట్లు, మూడు ఎ గ్రేడ్లకూ అంతే. స్పోర్ట్స్ సైన్స్ లాంటి కోర్సులకు అది చాలు. మంచి యూనివర్సిటీల్లో కంప్యూటర్ సైన్స్‌కి మాత్రం చాలావరకు ఎ-లెవెల్ మ్యాథ్స్ అడుగుతారు, అక్కడ పాయింట్లు ఎన్నున్నా లాభం లేదు. కాబట్టి క్లబ్బు ఎడ్యుకేషన్ ఆఫీసర్‌ని సూటిగా అడగండి: మా వాడు పక్కన మ్యాథ్స్ ఎ-లెవెల్ చదవచ్చా, క్లాసుకి ఏ రోజు వదులుతారు? ఒప్పుకుంటే రాతపూర్వకంగా తీసుకోండి. గత మూడేళ్ల స్కాలర్లలో ఎంతమందికి కాంట్రాక్ట్ ఇచ్చారు, మిగతావాళ్లు ఎక్కడున్నారు అనీ అడగండి. రెండో ప్రశ్నకి పేరుపేరునా చెప్పగలిగే క్లబ్బుకి పిల్లల మీద శ్రద్ధ ఉన్నట్టు. మ్యాథ్స్ కుదిరితే నా ఓటు స్కాలర్‌షిప్‌కే. కుదరకపోతే, కంప్యూటర్ సైన్స్ కావలసింది మీకా వాడికా అని వాణ్నే అడిగి తేల్చుకోండి.

స్కాలర్‌షిప్‌కి ఏజెంట్ అక్కర్లేదు. మధ్యలో ఎవరైనా దూరితే, మైనర్లతో పనిచేయడానికి ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం ఎఫ్ఏ ఇచ్చిన అనుమతి చూపించమనండి. ఇంకొకటి, ఆఫర్ కాదని తర్వాత మనసు మారి మరో లీగ్ క్లబ్బుకి వెళితే, ఈ క్లబ్బు పరిహారం అడగొచ్చు, కొత్త క్లబ్బు వెనకాడొచ్చు. ఊరికే వాయిదా వేసే వ్యవహారం కాదిది.

చివరగా బూట్ల సంగతి. ఏళ్ల తరబడి వానలో, చలిలో ప్రాక్టీసుకి వెళ్లొచ్చిన పిల్లవాడికి క్రమశిక్షణ లేదని మీకెలా అనిపించిందండీ? మార్కులు తగ్గితే టీచర్‌తో మాట్లాడాలి గానీ డిక్కీకి తాళం వేస్తారా? ఈ రెండేళ్లలో వాణ్ని బెంచ్ మీద కూర్చోబెడతారు, గాయాలవుతాయి, చివరికి వదిలేయనూ వచ్చు. ఆ రోజు వాడు మొదట ఫోన్ చేయాల్సింది మీకు. ఇప్పుడున్న పరిస్థితిలో చేస్తాడా? ఇవాళ సాయంత్రం వాడి గదిలోకి వెళ్లి తప్పు నాదేనని చెప్పండి. ఎడ్యుకేషన్ ఆఫీసర్‌తో మీటింగ్‌కి మీరు, మీ శ్రీమతి గారు, వాడు ముగ్గురూ వెళ్లండి, ప్రశ్నలు వాణ్నే అడగనివ్వండి.