బండి వైద్యం: కాడిలాక్‌లో షెవర్లే ఇంజిన్ ఎందుకు?

ప్రశ్న (కావలి నుంచి): మా అబ్బాయి డల్లాస్‌లో 1970 మోడల్ కాడిలాక్ కూపే డివిల్ కొన్నాడు. అందులో 472 ఇంజిన్ ఉంది. అది దించి షెవర్లే 350 పెడితే మజిల్ కారులా (పెద్ద ఇంజిన్‌తో దూసుకుపోయే అమెరికన్ కారులా) పరుగెత్తుతుందని అక్కడి స్నేహితులు చెబుతున్నారట. నాకు ఇక్కడ లారీలు, ట్రాక్టర్లు బాగుచేసే షెడ్డు ఉంది కాబట్టి నన్ను అడుగుతున్నాడు. ఏం చెప్పమంటారు?

జవాబు: దించొద్దని గట్టిగా చెప్పండి. 472 అంటే క్యూబిక్ అంగుళాలు, మన లెక్కలో 7.7 లీటర్లు. కంపెనీ చెప్పింది 375 హార్స్‌పవర్, 525 పౌండ్-అడుగుల టార్క్ (తిప్పే బలం). ఇవి బెంచి మీద కొలిచిన గ్రాస్ అంకెలు కాబట్టి రోడ్డు మీద కొంత తగ్గుతాయి. అయినా ఆ టార్క్ 3,000 ఆర్‌పీఎం దగ్గరే పూర్తిగా అందుతుంది. రెండు టన్నులు దాటిన బండిని ఉన్నచోటి నుంచి లాగేది అదే. 350 అంత టార్క్ ఇవ్వాలంటే చాలా ఖర్చు పెట్టాలి. పైగా కాడిలాక్ టర్బో 400 గేర్‌బాక్సుకు షెవర్లే ఇంజిన్ బోల్టు రంధ్రాలు కలవవు. మౌంట్లు, సైలెన్సరు పైపులు, లింకేజీ అన్నీ కొత్తగా చేయించుకోవాలి.

ఉన్న ఇంజిన్‌కే పవర్ పెంచుకోవచ్చు. దానికి ఇంజిన్ ముందు కవర్ విప్పించి, కామ్ షాఫ్ట్ (వాల్వులను తెరిచే షాఫ్ట్)ను తిప్పే టైమింగ్ చెయిన్ చూడమనండి. కామ్ గేరు పళ్లకు కంపెనీ నైలాన్ తొడుగు వేసింది. యాభై ఏళ్ల వేడికి అది పెళుసెక్కి ముక్కలుగా ఊడిపోతుంది. ముక్కలు సంపులో (కింద ఆయిల్ నిలిచే తొట్టిలో) పడి ఆయిల్ పంపు జాలీకి అడ్డుపడతాయి, చెయిన్ పన్ను దాటుతుంది. స్టీలు గేర్లున్న డబుల్ రోలర్ సెట్ వేసి, సంపు దించి కడగాలి. ఇది చేయకుండా పవర్ పెంచితే ఇంజిన్ మిగలదు.

తర్వాత ఇగ్నిషన్. ప్లాటినం పాయింట్లు తీసేసి, 1970ల మధ్య వచ్చిన కాడిలాక్ 472, 500 ఇంజిన్లలోని హెచ్‌ఈఐ (పాయింట్లు లేని ఎలక్ట్రానిక్) డిస్ట్రిబ్యూటర్ వేస్తే నేరుగా కూర్చుంటుంది. చాలామంది పాత కాయిల్ వైరునే దానికి తగిలిస్తారు. అది రెసిస్టెన్స్ వైరు. ఇంజిన్ నడిచేటప్పుడు 12 వోల్టులు రావు, స్పీడులో మిస్‌ఫైర్ మొదలవుతుంది. ఇగ్నిషన్ స్విచ్చి నుంచి 12 గేజి వైరు కొత్తగా లాగాలి. వాక్యూమ్ పైపు ఊడదీసి టైమింగ్ లైటుతో చూస్తే 2,500–3,000 ఆర్‌పీఎం దగ్గర మొత్తం అడ్వాన్స్ (పిస్టన్ పైకి చేరడానికి ఎంత ముందు స్పార్కు పడుతుందో ఆ లెక్క) 32–34 డిగ్రీల మధ్య నిలవాలి. చిటచిట మోత వినిపిస్తే రెండు డిగ్రీలు తగ్గించాలి.

కంపెనీ సైలెన్సరు ఒకే పైపు. రెండు పక్కలా రెండున్నర అంగుళాల పైపులు వేసి, మధ్యలో అడ్డంగా ఒక పైపు కలిపితే పెట్టిన డబ్బుకు ఎక్కువ ఫలితం కనిపిస్తుంది. ఎడెల్‌బ్రాక్ అల్యూమినియం ఇన్‌టేక్ మానిఫోల్డ్ వేస్తే ముందు భాగం బరువు కూడా తగ్గుతుంది. క్వాడ్రాజెట్ కార్బొరేటర్ మంచిదే, దాన్ని మార్చొద్దు.

కామ్ షాఫ్ట్ దగ్గర ఆశ పడొద్దు. వాల్వ్ తెరిచి ఉంచే వ్యవధి 0.050 అంగుళం లిఫ్ట్ దగ్గర 210–215 డిగ్రీలు దాటితే ఐడిల్‌లో వాక్యూమ్ పడిపోతుంది. బ్రేకు బూస్టరు, గేర్లు ఎప్పుడు మారాలో చూసే గేర్‌బాక్సు మాడ్యులేటరు రెండూ ఆ వాక్యూమ్ మీదే ఆధారపడతాయి. అప్పుడు పెడల్ గట్టిపడుతుంది, గేర్లు ఆలస్యంగా, కుదుపుతో పడతాయి. ఇంకో మెలిక ఉంది. ఈ ఇంజిన్ రాకర్లకు అడ్జస్ట్‌మెంట్ లేదు. హెడ్డు గీయించినా, కొత్త కామ్ వేసినా టాపెట్ ప్రీలోడ్ (టాపెట్ లోపలి ప్లంజరు ఎంత లోతు నొక్కుకుని ఉందో ఆ కొలత) మారుతుంది. అది 0.5–1.5 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. ఎక్కువైతే వాల్వ్ పూర్తిగా మూసుకోదు, కంప్రెషన్ పోతుంది, చివరికి వాల్వ్ కాలుతుంది. కొలిచి, దానికి సరిపడే పొడవున్న పుష్‌రాడ్లు తెప్పించుకోవాలి. కొత్త కామ్‌కు పేస్టు దట్టంగా పూసి, జింకు ఎక్కువున్న ఆయిల్ పోసి, స్టార్టు కాగానే ఐడిల్‌లో వదలకుండా 2,000 ఆర్‌పీఎం మీద 20 నిమిషాలు నడపాలి. ఇక్కడ తొందరపడితే కామ్ బొడిపె అరిగి గుండ్రంగా అవుతుంది.

వీటన్నిటికంటే ముందు బ్రేకు గొట్టాలు, వీల్ సిలిండర్లు, రేడియేటరు కొత్తవి వేయించాలి. పరుగు పెరిగిన బరువైన బండికి ఆగడమే అసలు పరీక్ష.

ప్రశ్న (ఒంగోలు నుంచి): మా తాతగారి 1960ల నాటి అమెరికన్ కారు మా దగ్గరే ఉంది. దానికి డీజిల్ ఇంజిన్ పెట్టుకోమని మేస్త్రీ సలహా. పెట్టొచ్చా?

జవాబు: ఆ కారుకు 50 ఏళ్లు నిండాయి కాబట్టి 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ చేయించుకోవచ్చు. ఇదివరకే రిజిస్టరైన బండికి పాత నంబరే ఉంటుంది, కొత్తగా రిజిస్టర్ చేయించే బండికైతే నంబరులో ‘వీఏ’ అక్షరాలు వస్తాయి. పదేళ్లు చెల్లుతుంది. కొత్తగా చేయించుకోవడానికి ఫీజు 20,000 రూపాయలు. అయితే చాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. డీజిల్ ఇంజిన్ ఎక్కించిన రోజే ఆ అర్హత పోతుంది. పాత ఆర్సీతోనే తిప్పుదామన్నా, అందులోని వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. వింటేజ్ రిజిస్ట్రేషన్ వచ్చాక రోజువారీ తిరుగుడు కుదరదు. ప్రదర్శనలకు, ర్యాలీలకు, పెట్రోలు కోసం, రిపేరు కోసం బయటికి తీయొచ్చు. పాత ఇంజిన్‌నే బోరు కట్టించి నిలబెట్టుకోండి.

ప్రశ్న (నెల్లూరు నుంచి): పాత పెట్రోలు కారు రోహిణి కార్తెలో హైవే దిగి ఊళ్లోకి రాగానే ఆగిపోతోంది. చల్లారితే మళ్లీ స్టార్టవుతుంది. ఎందుకు?

జవాబు: పెట్రోలు లైనులోనే ఆవిరైపోతోంది. ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోలులో 20 శాతం ఇథనాల్ ఉంటోంది, అది కలిస్తే పెట్రోలు ఇంకా తేలిగ్గా ఆవిరవుతుంది. హైవే మీద వచ్చే గాలి ట్రాఫిక్‌లో ఉండదు కాబట్టి బానెట్ కింద వేడి నిలిచిపోయి పంపు ఆవిరిని లాగుతుంది. లైనును సైలెన్సరుకు దూరంగా మళ్లించి, ట్యాంకుకు రిటర్న్ పైపు వేయించండి. ఫ్యాన్ క్లచ్చి పట్టుందో లేదో చూడండి. పాత రబ్బరు గొట్టాలు ఇథనాల్‌కు ఉబ్బి చీలుతాయి, వాటిని ఇథనాల్‌ను తట్టుకునే గొట్టాలతో మార్చండి. ప్లగ్గులు తెల్లగా మాడి ఉంటే మిశ్రమం పలచబడినట్టే, అంటే గాలికి తగినంత పెట్రోలు అందడం లేదు. క్వాడ్రాజెట్ అయితే మెయిన్ జెట్ రెండు నంబర్లు పెంచి, మళ్లీ ప్లగ్గులు తీసి చూడండి.